నాలుగు బోర్డుల దారి

కొత్త టెర్మినల్ ప్రారంభం రేపే. అందులో దారి చూపే మ్యాపులు గీసిన వినీలకి ఈ మధ్యాహ్నమే అసలు పరీక్ష. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎన్నడూ విమానం ఎక్కని పదిమందిని పిలిపించింది. ఎవర్నీ అడక్కుండా, మ్యాపులు మాత్రమే చూసుకుంటూ వాళ్ళు లోపలి ద్వారం నుంచి రెండో గేటుకి చేరాలి. దారి పొడుగునా నాలుగే బోర్డులు. మూడు నిమిషాల నడక.

తీరా చూస్తే మొదటి బోర్డు దగ్గరే జనం ఆగిపోయారు. ఆగి ఊరుకోలేదు. నేలమీద చతికిలబడి, సీసాలు తీసి తలో గుక్క నీళ్ళు తాగి, అప్పుడు లేచారు.

"ఏంటండీ ఇది, వనభోజనాలా?" టెర్మినల్ మేనేజర్ జయపాల్ వాచీ చూసుకున్నాడు.

చేపలమ్ముకునే సుబ్బాయమ్మ బోర్డు నెత్తిన మెరుస్తున్న పసుపు అక్షరాల వైపు గడ్డం ఎగరేసింది. 'ఎక్కడికి వెళ్తున్నారు?'

"బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారా అమ్మా ఎవరైనా? మావోళ్ళయితే వల భుజానేసుకున్నాక ఆ మాట వింటే ఆ పూటకి ఏట్లో దిగరు. అడగనే అడిగేశారు కదా, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరాం."

భీమవరంలో పుట్టి పెరిగిన వినీలకి తెలియని సంగతేం కాదు. ఈ మాట నోరు జారినందుకే చిన్నప్పుడు అమ్మమ్మ చేత మొట్టికాయలు తింది. ప్రయాణికుణ్ణి పలకరించినట్టుంటుందని రాసిందంతే. ఆ పలకరింపు తగులుతుందని తట్టలేదు.

పదో మనిషి రాకపోవడంతో ఆ చోట్లో వినీల చెల్లెలు హారతి నిలబడింది.

"రాసిన ప్రశ్నకి భయపడి నేలమీద కూర్చోవాలా? కొత్త డ్రెస్సు నాది!" నవ్వుకుంటూ సరాసరి నడిచి మలుపు తిరిగింది.

తొమ్మిదిమందీ రెండో గేటుకి చేరారు. పది నిమిషాలైనా హారతి రాలేదు. వినీల ఫోన్ మోగింది.

"అక్కా, ఎన్ని బోర్డులు పెట్టావే? ఇప్పుడు ఏడోది చూస్తున్నా."

"నాలుగేనే!"

"నీ మ్యాపే, నీ బాణాలే. మీరు ఇక్కడ ఉన్నారని ఎర్రచుక్క పెడతావు కదా, అదొక్కటే లేదు."

జయపాల్ పరుగున వెళ్ళి దారంతా వెతికొచ్చాడు. నాలుగు బోర్డులు, ఖాళీ నడవా. మనిషి జాడ లేదు. కెమెరాల్లో హారతి మలుపు తిరగడం కనిపించింది. మలుపు అవతలి కెమెరాలో ఆమె లేనే లేదు.

"వెనక్కి వచ్చెయ్యి హారతీ."

"వెనక్కే వస్తున్నానక్కా. ఇది పదకొండోది." ఆ గొంతులో నవ్వు లేదు. "కింద గచ్చు మెత్తగా దిగబడుతోంది."

"కూర్చోమనండి," అంది సుబ్బాయమ్మ. "నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరమనండి."

వినీల ఆ మాటే చెప్పింది. సీసా మూత తిరిగిన చప్పుడు వినిపించింది.

"తాగా. అక్కా... పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. బట్టలన్నీ తడిసిపోయున్నాయి. ఎక్కడికమ్మా అని అడుగుతున్నారు."

సుబ్బాయమ్మ వినీల మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పొద్దనండి! చెబితే వెంట వస్తారు."

"చెప్పకు హారతీ! లేచి వచ్చెయ్!"

ఏదో గొణుగుడు. పరుగెత్తే అడుగులు. అవి దూరమై, ఆగిపోయాయి.

అంతలోనే రెండో గేటు పక్క మలుపులోంచి హారతి ఊడిపడ్డట్టు వచ్చింది. మోకాళ్ళ దాకా ఒండ్రు. వినీల ఒంటిచేత్తో ఆమెని గుండెకి అదుముకుంది.

"చెప్పలేదుగా?"

"లేదక్కా, నీమీదొట్టు. వదలకుండా అడుగుతుంటే, నాకేం తెలీదండీ, దారులన్నీ మా అక్కకే తెలుసు, ఆవిణ్ణే అడగండని ఫోన్ చేతిలో పెట్టేసి పరుగెత్తుకొచ్చా."

వినీల రెండో చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది. కాల్ తెగలేదు.

అవతల ఎవరో మర్యాదగా గొంతు సవరించుకున్నారు.