మా మేనేజర్ గారు

"ఒక్క నిమిషం ఆగండి సార్, మా మేనేజర్ గారిని కనుక్కుని చెప్తాను," అంటూ మా ఆయన ఫోను గుండెకి అదుముకుని వంటింట్లోకి వచ్చాడు. నేను మాడిన గిన్నె తోముతున్నాను. "పెద్దవాళ్ళిద్దరు. పొద్దున ఫ్లైటే కావాలంటున్నారు," అన్నాడు గుసగుసగా. "వద్దనండి. మధ్యలో విమానం మారడానికి టైము చాలదు. ఆవిడకసలే మోకాళ్ళ నొప్పులు, ఎక్కడ పరిగెడుతుంది? మధ్యాహ్నం దానికి వేసి, చక్రాల కుర్చీ ఇప్పుడే చెప్పి పెట్టండి," అన్నాను తలెత్తకుండానే. ఆయన హాల్లోకి వెళ్ళి గొంతు సవరించుకుని, "మా మేనేజర్ గారు ఏమంటున్నారంటే..." అని మొదలుపెట్టాడు. నా మాటే, ఆయన నోట పడేసరికి ఎక్కడలేని బరువూ వచ్చేస్తుంది. అది గిన్నెలు తోమే చోటు నుంచి వచ్చిన మాటని అవతలివాళ్ళకేం తెలుసు!

ఒక టూర్ల కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుని ఇంట్లోంచే నడుపుకుంటున్నాం మేము. ఆఫీసంటే మా భోజనాల బల్లే. పళ్ళాలు వచ్చే వేళకి కంప్యూటరు ఓ పక్కకి జరుగుతుంది, తిండి అయ్యాక మళ్ళీ మధ్యకొస్తుంది. బల్ల తుడిచేదీ నేనే, కంప్యూటరు ముందు కూర్చుని హోటళ్ళు వెతికేదీ నేనే. మా ఆయనది మాట. రోడ్డు మీద పోయేవాణ్ణి ఆపి మంచు కొండలకి పంపించగలడు. కొండ మీదికి ఎలా ఎక్కాలి, అక్కడ పంటినొప్పి వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్నవి నా పని. ఈ పని నాకు ఇష్టం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం ఇంత దగ్గరగా ఎప్పుడూ లేము. పొద్దున టీ తాగుతూ, ఎవరో కొత్త దంపతులకి సముద్రం కనిపించే గది దొరికిందని ఇద్దరం కలిసి సంబరపడతాం.

మేనేజర్ గారు పుట్టింది కూడా ఈ బల్ల దగ్గరే. కొత్తలో ఎవరో ఏదో అడిగితే మా ఆయనకి తెలియక, "మేనేజర్ని అడిగి చెప్తాను," అనేశాడు. ఫోను పెట్టేశాక నేను నిలదీస్తే, "మా ఆవిణ్ణి అడిగి చెప్తానంటే ఎవరు బుక్ చేస్తారే?" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ మనిషిని ఇద్దరం కలిసే పెంచాం. బట్టతల నేను పెట్టాను, కళ్ళజోడు ఆయన పెట్టాడు. నేను కాస్త నడుం వాల్చే వేళకి ఎవరూ విసిగించకుండా, "మా మేనేజర్ గారు మధ్యాహ్నం ఫోన్లో దొరకరండీ," అనే అలవాటు కూడా నేను పెట్టిందే.

చూస్తుండగానే మేనేజర్ గారు పెద్దవారైపోయారు. టూరు నుంచి తిరిగొచ్చినవాళ్ళు మేనేజర్ గారికి ఇమ్మని ఏదో ఒకటి తెచ్చేవారు. ఒకరు చొక్కా, ఒకరు బెల్టు, ఇంకొకరు గడ్డం గీసుకునే సామాను. అన్నీ మా ఆయనకి అతికినట్టు సరిపోయేవి. "మన ఇంట్లోనే ఉన్నాయిగా, ఎవరు వాడితే ఏం?" అనేవాడు. ఎవరైనా ఇంటికొచ్చి నా గురించి అడిగితే మాత్రం, "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంటుంది," అనేవాడు. బల్ల మీద ధూళి దులపడం లాంటి సాయమేమో అనుకుని వాళ్ళు నన్ను చూసి చిరునవ్వు నవ్వేవారు. కంపెనీ వాళ్ళు ఏటా ఫ్రాంచైజీకి ఒకరిని ఏదో ఒక దేశం తిప్పి తీసుకొస్తారు. వెళ్ళేది ఆయనే. "ఇద్దరం వెళ్తే ఫోన్లు ఎవరు చూస్తారే?" అంటాడు. వెళ్ళేది ఒక్కరే అయినప్పుడు ఇద్దరి మాట ఎందుకొచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. నా పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు.

ఈ మధ్య మా అత్తగారు వచ్చి ఉంటున్నారు. ఆవిడ గది లోపల ఉంది. కొడుకు మాటలు వినపడతాయి గానీ, వంటింట్లో నేను గొణిగేది ఆవిడ దాకా వెళ్ళదు. దాంతో ఆవిడా మేనేజర్ గారిని నమ్మేశారు. నమ్మడమేమిటి, ఆయనంటే ప్రాణం. "బంగారం లాంటి మనిషి దొరికాడురా నీకు. వేళాపాళా లేకుండా అలా వాయించకు. ఆయనకీ ఇల్లూ సంసారం ఉండవూ? కనీసం ఆదివారమైనా సెలవివ్వు," అనేవారు. "ఇస్తున్నానమ్మా, ఆదివారం పూర్తిగా సెలవే," అనేవాడు మా ఆయన నాకు కన్ను గీటి. ఆ వెంటనే అత్తగారు నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఇంట్లో ఊరికే ఉన్నావుగా, ఆ దుప్పట్లు కాస్త తడిపెయ్," అనేవారు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. నేనే కన్న మనిషి మీద నాకు అసూయ పుట్టింది.

తర్వాత ఒకరోజు ఓ హెడ్‌మిస్ట్రెస్ గారి ఫోను వచ్చింది. ఆవిడ రిటైరయ్యాక మా దగ్గరే టూరు తీసుకుని, విమానం మారాల్సిన చోట దారి తప్పి, కంగారుగా ఫోన్ చేశారు. మా ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. నేనే ఎత్తాను. ఏ బోర్డు కింద నుంచి వెళ్ళాలో, ఏ బస్సు ఎక్కి ఆఖరి స్టాపులో దిగాలో చెప్తూ, గేటు కనపడేదాకా ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాను. నేనెన్నడూ కాలు పెట్టని ఆ విమానాశ్రయం నాకు మా పెరడంత బాగా తెలుసు. చివర్లో ఆవిడ ఏడుస్తూ, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగారు. "మేనేజర్ గారు చెప్పమన్నారండీ," అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ నన్ను మాయం చేసింది మా ఆయనే అనుకున్నాను. ఈసారి ఆ పని నా నోరే చేసింది.

నిన్న ఆవిడ మా ఇంటికి వచ్చారు, చేతిలో పెద్ద అట్టపెట్టెతో. "నాతో పనిచేసిన టీచర్లం అందరం కలిసి వెళ్దామనుకుంటున్నాం. మీ మేనేజర్ గారిని మా వెంట పంపాలి. ఆయనుంటే మాకు బెంగ లేదు," అన్నారు. మా ఆయన నీళ్ళు నమిలాడు. "ఆయన బాగా మొహమాటస్తుడండీ, బయటికి రారు. కావాలంటే నేనొస్తాను."

"మీరొద్దు బాబూ. ఆయనకొకసారి ఫోన్ చేసివ్వండి, నేనే అడుగుతాను."

అత్తగారు కూడా అందుకున్నారు. "అవునురా, ఒకసారి ఇంటికైనా పిలవరా. నేనూ చూస్తాను ఆ మహానుభావుణ్ణి."

టీ కప్పులున్న పళ్ళెం పట్టుకుని నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమని. ఎప్పుడూ గట్టెక్కించేదాన్నే. 'ఆయన ఊళ్ళో లేరండీ' అనడం ఎంతసేపు? అంటే మాత్రం ఇక ఈ జన్మకి ఆ మనిషి వెనకే ఉండిపోతానని తెలుస్తూనే ఉంది.

పళ్ళెం బల్ల మీద పెట్టి, కంప్యూటరు ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నేనేనండీ మేనేజర్ని. ఆ రోజు మీతో మాట్లాడింది కూడా నేనే. ఎవరూ చెప్పమనలేదు. ఎప్పుడు బయల్దేరదామనుకుంటున్నారు?" అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు నన్నూ మా ఆయన్నీ మార్చి మార్చి చూసి, పక్కవాటా వాళ్ళకి వినపడేంత గట్టిగా నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి తనూ నవ్వి, "అంతేనండీ. మొదటి నుంచీ తనే," అన్నాడు. అబద్ధం దిగిపోయాక మనిషి తేలికపడ్డట్టు కనిపించాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ ఏదో గుర్తు చేసుకుని, "మరి ఆదివారం సెలవిస్తున్నానన్నావు కదరా?" అని అడిగారు కొడుకుని. అత్తగారు మెల్లగా లేచి, బల్ల మీది పళ్ళెం తీసి ఎవరి కప్పు వాళ్ళ చేతికిచ్చారు. మొదటి కప్పు నాకే ఇచ్చారు.

ఇంతలో ఫోను మోగింది. మా ఆయన అలవాటుగా నా వైపు చూశాడు.

"ఎత్తండి. మేనేజర్ గారు పనిలో ఉన్నారు, కాసేపాగి చేయమనండి," అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు మొహమాటపడుతూ అట్టపెట్టె నా ముందుకు జరిపారు. "మేనేజర్ గారు ఇంట్లోంచే పనిచేస్తారని మీ ఆయన చెప్పారు. మగమనిషే అనుకుని తెచ్చానమ్మా." లోపల మెత్తటి చెప్పులు, ఇంట్లో వేసుకునేవి. కాళ్ళు పెట్టి చూశాను. నా పాదం సగం దాకే వచ్చింది.

"ఇవి మార్చి తీసుకురండి," అన్నాను ఆవిడతో. "నా కొలత చెప్తాను రాసుకోండి. బయట నడిచేవి తీసుకోండి, మనం చాలా దూరం నడవాలి."