తాలింఖానాలో తెరేసమ్మ

తెరేసమ్మ బెజవాడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. సొంతూరు ఉయ్యూరు. వాళ్ల నాన్న ఇశ్రాయేలు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ ఆమె గవర్నర్‌పేటలో మేనత్త దానమ్మ ఇంట్లోనే ఉంటోంది. దానమ్మ ఆసుపత్రిలో నర్సు. భర్త పోయిన మనిషి. నోరు కటువు, చెయ్యి మాత్రం మెత్తన.

కాలేజీ రోజుల్నించీ తెరేసమ్మ షాట్‌పుట్ ఆడేది. పోటీలకెళితే రెండో స్థానమో మూడో స్థానమో తప్ప మొదటిది ఎన్నడూ రాలేదు. ఓసారి పోటీలు చూడ్డానికొచ్చిన శౌరయ్య మాస్టారు ఆమెను పక్కకి పిలిచాడు.

"చెయ్యి మంచిదేనమ్మాయ్. అడుగున బలం చాల్లేదు. గుండు విసిరేది చెయ్యి అనుకుంటున్నావు నువ్వు. కాదు, కాళ్లూ నడుమూ. కొన్నాళ్లు బరువులెత్తి చూడు."

శౌరయ్య మిలటరీలో చేసొచ్చి, లాడ్జీల వెనక సందులో తాలింఖానా నడుపుతున్నాడు. పొద్దునా సాయంత్రం కుర్రాళ్లు వచ్చి కసరత్తు చేసే చోటు. గోడకి వాళ్లు తగిలించిన ఆంజనేయుడి పటం, దాని పక్క మేకుకి శౌరయ్య జపమాల. ఆదివారం కుర్రాళ్లకి సెలవు. "చర్చిలో పూజ అయ్యాక రా. మా ఇంటావిడ మాణిక్యమ్మ కూడా ఉంటుంది. ఎవరేమనుకుంటారన్న భయం లేదు," అన్నాడు.

మొదటి ఆదివారం ఒట్టి కడ్డీ ఎత్తడానికే ఒళ్లంతా వణికింది. మర్నాడు బడి మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడింది. అయినా మళ్లీ వెళ్లింది. కొన్ని నెలలు గడిచేసరికి, ఇనుప బిళ్ళలు తొడిగిన కడ్డీ నేల వదిలి, మోకాళ్లు దాటి, ఛాతీ మీదికొచ్చి, ఒక్క విసురుతో తలపైకెళ్లి నిలబడేది. ఆ నిలబడ్డ క్షణం కోసమే ఆమె వారమంతా ఎదురుచూసేది. పిల్లల్ని వరసలో నడిపిస్తున్నా, చేటలో బియ్యం ఏరుతున్నా మనసు ఆ సందులోనే ఉండేది. రెండు చేతుల మీదా బరువు కుదురుకున్నాక లోపల ఎంత నెమ్మదిగా ఉండేదంటే, గుళ్లో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా అంత నెమ్మది ఆమెకి దొరకలేదు. ఈ సంగతి పాపసంకీర్తనంలో ఫాదరుకి చెప్పాలా వద్దా అని తెగ ఆలోచించి, చివరికి చెప్పకుండా ఊరుకుంది.

చేతులు మారాయి. "ఆది జాకెట్టు పనికిరాదండీ, చెయ్యి దగ్గర కుట్లు వదలాలి," అన్నాడు టైలరు. తలంటి పొయ్యడానికి కూర్చోబెట్టిన తల్లి అమలమ్మ ఆ భుజాలు చూసి చెంబు కింద పెట్టేసింది. "ఇవేం చేతులే తల్లీ! మీ అన్నకి లేవు ఇలాంటివి." బళ్లో తెలుగు చెప్పే శివపార్వతి అయితే చెవిలో చెప్పింది: "మీసాలొస్తాయటండీ. మా వారు ఎక్కడో చదివారట."

తెరేసమ్మ అక్కడ నవ్వేసింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి పై పెదవి మీద వేలితో రాసి రాసి చూసుకుంది. దిగులు ఒక్క వాళ్లదే అయితే ఆమె లెక్కచేసేది కాదు. ఆమెకి కనకాంబరాలంటే ఇష్టం, గాజులంటే ఇష్టం, కొత్తచీర కట్టుకుని నలుగురిలోకి వెళ్లడమంటే ఇష్టం. స్నానం చేసి చెయ్యి మడిచినప్పుడు పొంగే కండని చూసుకుంటే ముచ్చటేసేది. ఆ వెంటనే, దీన్ని చూసి మొగుడన్నవాడు ఏమనుకుంటాడో అనిపించేది. ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి, ఈ చేతుల్ని చూసి ఎంత బాగున్నాయి అంటే చాలు. అనేవాళ్లు లేక, పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. బెజవాడ ఎండల్లో అవి తొడుక్కుని, చెమటకి తడిసి ముద్దవుతూ పిల్లల చేత డ్రిల్లు చేయించేది.

డెబ్బయ్యయిదులో సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు సంజీవరావు. ఇబ్రహీంపట్నంలో కడుతున్న థర్మల్ స్టేషన్లో సూపర్‌వైజరు. పెళ్లిచూపుల్లో అతను అడిగింది ఒకటే మాట: "ఇంత ఎండల్లో పొడుగు చేతులేంటండీ?"

"మా పిల్లకి సిగ్గెక్కువ బాబూ," అని అమలమ్మ అడ్డొచ్చింది.

అతను చిన్నగా నవ్వి, తను తాగిన కాఫీ గ్లాసు తనే తీసుకెళ్లి పెరట్లో పెట్టొచ్చాడు. తెరేసమ్మకి ఆ పని నచ్చింది. తొందరపడకుండా మాట్లాడడం నచ్చింది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకి వంచి వినడం ఇంకా నచ్చింది.

వానలు తగ్గాక ప్రధానం జరిగింది. ఆ తర్వాత అతను శనివారాలు డ్యూటీ దిగి బస్సెక్కి వచ్చేవాడు. దానమ్మ పర్మిషనిచ్చింది కాబట్టి ఇద్దరూ బ్యారేజీ మీద నడిచేవాళ్లు. కాలవలకి నీళ్లెలా వదులుతారో, టర్బైన్ ఎలా తిరుగుతుందో అతను చెప్పేవాడు. అతని గొంతు వినడం కోసం ఆమె తెలిసినవి కూడా మళ్లీ అడిగేది. మూడు నాలుగు శనివారాలు గడిచేసరికి అతను 'మీరు' మానేసి 'నువ్వు' అనడం మొదలుపెట్టాడు. ఆ నువ్వు విన్నప్పుడల్లా ఆమె చెవులు వేడెక్కేవి.

ఓ సాయంత్రం, గాలి బాగా వీస్తుంటే, అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూశాడు.

"ఇవేంటి? కాయలు కాశాయే. మా సైటులో ఖలాసీల చేతుల్లా ఉంది నీ చెయ్యి."

వెక్కిరింపు కాదది, ఆశ్చర్యమే. పిల్లలతో తాడులాగుడు ఆడిస్తుంటానని చెప్పమని దానమ్మ ముందే అబద్ధం ఒకటి నేర్పి పెట్టింది. తెరేసమ్మకి ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ చెప్పలేదు.

"నేను బరువులెత్తుతానండీ."

"ఏం బరువులు?"

"ఇనుపవి. తాలింఖానాలో, ఆదివారాలు." ఆ ఊపులోనే అడిగేసింది: "ఓసారి వచ్చి చూస్తారా?"

అతను కాసేపు నీళ్లకేసి చూశాడు. "వస్తాను," అన్నాడు.

దానమ్మ తల కొట్టుకుంది. "పెళ్లయ్యాక మెల్లిగా చెప్పుకోవాల్సిన మాట ముందే ఎందుకే?"

"పెళ్లయ్యాక చెబితే మోసం కాదా అత్తా?"

"మోసం కాదు, సంసారం."

"నావల్ల కాదత్తా. ఈ చేతులు దాచుకుని ఆయన పక్కన ఎన్నాళ్లు కూర్చోను?"

ఆ ఆదివారం తెరేసమ్మ ఎప్పట్లాగే అన్నయ్య పాత పొట్టి చేతుల చొక్కా, పైజమా వేసుకుంది. గాజులు తీసి పక్కన పెట్టింది. జడలో కనకాంబరాలు మాత్రం తీయలేదు. సంజీవరావు వచ్చి గోడవారగా బల్ల మీద కూర్చున్నాడు. గుమ్మంలో మాణిక్యమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"తెలిసిన బరువే ఎత్తు. ఇవాళ కొత్తది వద్దు," అన్నాడు శౌరయ్య మెల్లగా.

"ఇంకో జత బిళ్ళలు వెయ్యండి మాస్టారూ."

శౌరయ్య ఆమె మొహంలోకి చూసి, బిళ్ళలు తెచ్చి వేశాడు.

ఆమె చేతులకి సుద్దపొడి రాసుకుని వంగింది. కడ్డీ ఛాతీ మీదికి రాగానే ఒక అడుగు వెనక్కి తూలింది. మాణిక్యమ్మ "యేసయ్యా" అంది. తెరేసమ్మ నిలదొక్కుకుంది, ఊపిరి పీల్చింది, విసిరింది. కడ్డీ తలపైకెళ్లి నిలబడిపోయింది. అప్పుడు ఆమె అతని వైపు చూసింది.

అతను బల్ల మీంచి సగం లేచి ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. కళ్లు విప్పార్చుకుని, ఎక్కడున్నాడో మర్చిపోయినవాడిలా చూస్తున్నాడు. ఆమెకి జన్మలో తనని ఎవరూ అలా చూసిన గుర్తు లేదు. దించెయ్యమని శౌరయ్య అంటున్నా వినకుండా, ఇంకొంచెం సేపు అలాగే పట్టుకుంది.

అంతలో సందులో పోతున్న ఇద్దరు మగాళ్లు గుమ్మంలోకి తొంగిచూశారు. ఒకడు ఈల వేశాడు. సంజీవరావు చూపు గుమ్మం వైపు వెళ్లి, మళ్లీ ఆమె మీదికొచ్చింది. ఈసారి మెడ మీద ఉబ్బిన నరాలు చూశాడు, చెమటకి ఒంటికంటుకున్న చొక్కా చూశాడు. మొహం ముడుచుకుపోయింది. ఆమె కడ్డీ వదిలేసింది. నేల అదిరింది.

"బాగుందండీ," అన్నాడతను.

ఆ 'అండీ' ఆమెకి బాగా వినపడింది.

తర్వాతి శనివారం అతను రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. గుళ్లో పెళ్లి చాటింపులు వెయ్యకముందే పెద్దమనిషి ఒకాయన ఉయ్యూరు వచ్చి ప్రధానం ఉంగరం ఇశ్రాయేలు చేతిలో పెట్టాడు. పిల్ల మగరాయుడిలా ఉందని అబ్బాయి వాళ్లమ్మ అంటోందట. అబ్బాయి ఏమన్నాడని ఇశ్రాయేలు అడిగితే, ఏమీ అనలేదన్నాడు. అమలమ్మ ఏడ్చి ఏడ్చి మంచం పట్టింది. ఇశ్రాయేలు బెజవాడ వచ్చి కూతురి పక్కన చాలాసేపు కూర్చుని, "బరువెత్తడం తప్పయితే ఫ్యాక్టరీలో నేను చేసేది ఏంటమ్మా?" అని మాత్రం అన్నాడు.

తెరేసమ్మ తాలింఖానాకి వెళ్లడం మానేసింది. అరచేతుల్లో కాయలు రాలిపోయి చర్మం మెత్తబడింది, చేతులు సన్నబడ్డాయి. మొహానికి కళొచ్చిందని శివపార్వతి మెచ్చుకుంది. ఆ కళ ఏమిటో తెరేసమ్మకి అర్థం కాలేదు. అన్నం సయించేది కాదు. పొత్రం పక్కకి జరపడానికి వంగితే నడుం దానంతటదే కుదురుకునేది, ఎత్తడానికి అక్కడ కడ్డీ లేక మళ్లీ లేచేది. ఓ ఆదివారం పూజ అయ్యాక ఇంటికని బయల్దేరి, సందులోకి తిరిగింది. శౌరయ్య ఒట్టి కడ్డీ చేతికిచ్చాడు.

మరుసటేడు షాట్‌పుట్‌లో మొదటి స్థానం వచ్చింది. పేపర్లో చిన్న ఫోటో పడింది. ఇద్దరు ముగ్గురు సంబంధాలు తెచ్చారు, ఇప్పుడే కాదంది. పెళ్లి తప్పిపోయినందుకు బెంగపెట్టుకుందని ఇంట్లో అనుకున్నారు. ఆమె బెంగ పెళ్లి గురించి కాదు. బల్ల మీంచి సగం లేచిన ఆ మనిషి మొహంలో, గుమ్మం వైపు చూడకముందు, తను చూసింది నిజమేనా? తను కావాలనుకున్నది కాబట్టి కనపడిందా? అతన్ని అడిగితే తప్ప తెలియదు. అడిగే దారి లేదు. శనివారం సాయంత్రం బ్యారేజీ వైపు గాలి వీస్తే, తల కొంచెం పక్కకి వంచి వినే ఆ మనిషి కోసం ప్రాణం కొట్టుకులాడేది.

డెబ్బయ్తొమ్మిది ఫిబ్రవరిలో గుణదల మాత తిరనాళ్లకి దానమ్మతో కలిసి వెళ్లింది. అప్పటికి పొడుగు చేతుల జాకెట్లు మానేసింది. బడి పిల్లలు ఆ చేతులు పట్టుకుని ఊగుతుంటే ఇంక దాచడమెందుకనిపించింది. మోకాళ్ల నొప్పులని దానమ్మ కింద మాత గుహ దగ్గరే ఉండిపోయింది. కొండ మీది సిలువ దాకా వెళ్లొస్తానని తెరేసమ్మ మెట్లెక్కసాగింది.

సగం దూరంలో పక్కనే మెట్లెక్కుతూ సంజీవరావు. కొంచెం ఒళ్లు చేశాడు. పక్కన నిండు నెలల భార్య, ఆమె చంకలో నిద్రపోతున్న పిల్లవాడు. అతను తెరేసమ్మను చూసి ఆగిపోయాడు.

"తెరేసమ్మ గారు," అన్నాడు భార్యతో. "బెజవాడలో టీచరు." ఆపైన జేబులు తడుముకున్నాడు. "కొవ్వొత్తులు మర్చిపోయాం, కింద కొనుక్కొస్తా," అని జనంలోకి దిగిపోయాడు.

"ఈ తోపులాటలో ఇక్కడ నిలబడలేమండీ. పైన కలుస్తార్లే," అంది భార్య. ఆమె పేరు మణెమ్మ. ఆయాసపడుతోంది. "బాబుని ఇటివ్వండి," అని తెరేసమ్మ పిల్లవాణ్ని భుజాన వేసుకుంది.

"ఎంత తేలిగ్గా ఎత్తుకున్నారండీ! వీణ్ని ఎత్తితే నాకు నడుం విరిగిపోతోంది."

"అలవాటేనండీ."

మణెమ్మ కలుపుగోలు మనిషి. నడుస్తూనే మాట్లాడింది. "మా ఆయన ఓ మాట చెప్తుంటారు. పెళ్లికి ముందు బెజవాడలో ఒకమ్మాయి ఇనుప బరువులెత్తుతుంటే చూశారట."

తెరేసమ్మ మెట్టు తప్పలేదు. "ఏమని చెప్తారు?"

"ఆ కడ్డీ తలమీదికెత్తి నిలబడితే ఊపిరాడలేదట. అంత అందం మళ్లీ చూళ్లేదంటారు. నా మొహమ్మీదే అంటారండీ!" మణెమ్మ నవ్వింది. "అయితే ఆ అమ్మాయినే చేసుకోకపోయారా అన్నాను. భయమేసిందన్నారు. ఎందుకో ఆ భయం..."

అంటూ అంటూ పిల్లవాడి కింద ఉన్న తెరేసమ్మ చేతిని చూసింది. మాట అక్కడే ఆగిపోయింది.

ఇద్దరూ ఇంకొన్ని మెట్లెక్కారు. పక్కనుంచి జనం పాటలు పాడుకుంటూ పోతున్నారు. తెరేసమ్మకి కళ్లు మసకబారి మెట్లు సరిగా కనపడలేదు. నిజమే చూసిందన్నమాట. ఇన్నేళ్లూ కావాలనుకున్న మాట దొరికింది. కానీ అది అతని గొంతుతో, ఆ బ్యారేజీ గాలిలో, నువ్వు అంటూ వినాల్సిన మాట. ఇంకెప్పుడూ అలా వినదు.

"మీరు బళ్లో ఏం చెప్తారండీ?" అని మణెమ్మ చాలా మెల్లగా అడిగింది.

"డ్రిల్లు."

మణెమ్మ తలూపింది. పిల్లవాణ్ని ఇమ్మని చేతులు చాపలేదు. తెరేసమ్మ భుజం మీద వాడి టోపీ సర్ది, "మెల్లగా నడుద్దామండీ. తొందరేం లేదు," అంది.

సిలువ దగ్గరికి చేరాక సంజీవరావు రొప్పుతూ వచ్చాడు. చేతిలో కొవ్వొత్తులు. తెరేసమ్మ పిల్లవాణ్ని అతనికి అందించింది. అందుకునేటప్పుడు అతను ఆమె మొహంలోకి చూడలేదు. ఆమె మాత్రం తృప్తిగా, నిదానంగా, అతన్ని చూడాల్సినంతసేపూ చూసింది.

"వస్తానండీ."

"మంచిదండీ," అన్నాడతను.

కిందికి దిగేసరికి దానమ్మ గుహ పక్కన నీడలో కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటోంది. "ఏం కోరుకున్నావే మాతని?"

"కోరుకోవడం మర్చిపోయానత్తా."

"అంత కొండెక్కి?" అంది దానమ్మ విసుగ్గా. తెరేసమ్మ ఆమె రెక్క పట్టుకుని లేపి, జనాన్ని తప్పించుకుంటూ బస్సుల వైపు నడిపించుకెళ్లింది.