అన్న పేరున పద్నాలుగేళ్ళు

ఆరేళ్ళుగా అన్నతో మాటల్లేని వెల్డర్, ఆ పొద్దున ఆయన గుమ్మం ముందు నిలబడి "టిఫిన్ చేశావా అన్నయ్యా?" అన్నాడు. అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. వెల్డర్ ఎంత?

టైలరన్న కళ్ళజోడు సర్దుకుని, కొత్త గిరాకీకి కొలతలు తీస్తున్నట్టు తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు.

"పెన్షన్ గురించేగా?"

పెన్షన్ గురించే. అసలు కథ వాళ్ళు వయసులో ఉన్నప్పటిది. పరదేశంలో నూనె ట్యాంకులు కట్టే పనికోసం ఏజెంటుకి డబ్బు కట్టింది అన్న. పాస్‌పోర్టు ఆయనది, వీసా ఆయనది. తీరా బయల్దేరే వేళకి ఆయనకి కామెర్లు. ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ కామెర్లనే అంటారు. విమానం మాటెత్తితే చాలు, ఆయన మొహం నిజంగానే పచ్చబడేది మరి. ఏజెంటు డబ్బు వెనక్కివ్వనన్నాడు. అన్నదమ్ములది ఒకే అచ్చు. "ఎవడెళితే ఏం, ఇద్దరూ నా కొడుకులేగా" అని అమ్మ తేల్చేసింది. తమ్ముడు అన్న పేరుతో విమానమెక్కాడు. ఆ వయసులో ముసలితనమంటే ఎదురింటివాళ్ళకి వచ్చే జబ్బు. దాని గురించి ఎవరాలోచిస్తారు?

పద్నాలుగేళ్ళు అక్కడ మంటతో కాపురం చేశాడు. మొదట్లో అన్న పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు. చెవుడేమోనని పరీక్షకి కూడా పంపారు. తర్వాత అది ఎంత అలవాటైందంటే, ఇంటికొచ్చాక పెళ్ళాం సొంత పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి ఎవరినా అని చూసేవాడు.

ఇప్పుడు కళ్ళు మసకబారాయి. సొంత పేరున ఇక్కడ చేసిన కాస్త కొలువు ఏ పెన్షన్‌కీ ఆనదు. అప్పుడు తెలిసింది, రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయని. ఇక్కడి ఏళ్ళూ అక్కడి ఏళ్ళూ కలిపి లెక్కేస్తారట. వెల్డర్ సంబరం ఒక పూటే. కలిపేది ఒకే మనిషి ఏళ్ళని. తమ్ముడు తిరిగొచ్చేదాకా అన్న ఇంట్లోనే సొంత మిషన్ తొక్కుకున్నాడు, ఏ రికార్డులోనూ లేడు. ఆ తర్వాత యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరాడు. ఆ ఫ్యాక్టరీ ఏళ్ళకి పరదేశం ఏళ్ళు అతికిస్తే, పెళ్ళికొడుకు సూటులా అన్నకి చక్కగా సరిపోయాయి. అన్నదమ్ముల్ని కలపడం చుట్టాల వల్ల కాలేదు. రెండు ప్రభుత్వాలు కూడబలుక్కుని కలిపేశాయి.

వాళ్ళు విడిపోయింది ఒక్క మాట మీద. ఓ పెళ్ళిలో అన్న పదిమందిలో నవ్వుతూ "వీడు నా పేరు చెప్పుకుని బతికినవాడే" అన్నాడు. తమ్ముడు నవ్వలేదు, భోజనం చెయ్యకుండానే లేచొచ్చేశాడు.

"డబ్బు నెలనెలా నీ చేతిలో పెడతానురా. నీ సొమ్ము నాకెందుకు?" అంటూ అన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఆ మాట నిజమే. ఆయనకి డబ్బు మీద ఎప్పుడూ ఆశ లేదు.

బస్సులో వెల్డర్ పాఠం చెప్పాడు. అద్దం లేకుండా మంట చూస్తే కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. ట్యాంకు లోపల గొంతు మనది కానట్టు వినిపిస్తుంది. అన్న బుద్ధిగా తలూపుతూ విన్నాడు.

పెన్షన్ ఆఫీసు మేడ మీద. కౌంటరు వెనక కూర్చున్నామె చిన్నదే అయినా ఓపిక ఉన్న మనిషి. కాగితాలన్నీ సరిచూసి, "అక్కడ ఏం పని చేశారు పెద్దాయనా?" అంది.

అన్న గొంతు సవరించుకున్నాడు. మంటతో మొదలుపెట్టి ట్యాంకు దాకా పాఠం అప్పజెప్పాడు. అక్కడితో ఆగుతాడనుకుంటే, దారి తెలిసిన ఎద్దులా ముందుకి పోతూనే ఉన్నాడు.

"అమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు ట్యాంకు లోపల ఉన్నాను తల్లీ. సెలవివ్వలేదు. ఆ పూటంతా మొహం మీద మాస్కు తియ్యలేదు. ఏడుస్తున్నానని తోటివాళ్ళకి తెలియకూడదుగా."

ఆ మాట వెల్డర్ జన్మలో ఒక్కసారి చెప్పుకున్నాడు, అదీ ఈ అన్నకే. సొమ్మొకడిది సోకొకడిది అంటే విన్నాడుగానీ, ఏడుపు కూడా అలా చేతులు మారుతుందని అనుకోలేదు. అన్న కళ్ళలో నీళ్ళు మాత్రం దొంగనీళ్ళు కావు.

ఆమె కళ్ళు కూడా చెమర్చాయి. "మరి అప్పుడు అమ్మగారి దగ్గర ఎవరున్నారు?"

"వీడేనమ్మా, మా తమ్ముడు. గడప దాటలేదు. అమ్మ వీడి చేతుల్లోనే పోయింది. అదృష్టవంతుడు."

ఆమె వెల్డర్ వైపు తిరిగింది. "మీరు సాక్షి సంతకం పెట్టాలి. మీ అన్నగారు చెప్పిందంతా నిజమేనా?"

కాదంటే ముసలితనానికి ముద్ద ఉండదు. అవునంటే ఆ పద్నాలుగేళ్ళూ ఉండవు. కానీ వెల్డర్‌ని పట్టుకున్నది ఆ రెండూ కాదు. అమ్మ తల తన ఒళ్ళో ఉన్నట్టు ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఊహించుకున్నాడో అతనికే తెలుసు.

"అవునమ్మా," అన్నాడు చివరికి. "నేనే ఉన్నాను." సంతకం పెట్టాడు.

"పెన్షన్ మంజూరవుతుంది," అందామె. "పెద్దాయన ఉన్నంతకాలం వస్తుంది. ఏటా ఒకసారి స్వయంగా వచ్చి కనబడాలి. అంత కష్టపడ్డ మనిషి, జాగ్రత్తగా చూసుకోండి."

మెట్లు దిగుతుంటే వెల్డర్ ఉండబట్టలేకపోయాడు. తిరిగొచ్చాక ఏళ్ళ తరబడి అడగడానికి ధైర్యం చాలలేదు, ఆ తర్వాత మాటలే లేవు.

"అన్నయ్యా, చివర్లో అమ్మ ఏమైనా అందా?"

టైలరన్న ఆగి, తడి కళ్ళతో, నిజంగానే అర్థంకానట్టు చూశాడు.

"నన్నడుగుతావేంరా? నేనక్కడ మంటల్లో మాడుతుంటిని. దగ్గరున్నవాడివి నువ్వే చెప్పాలి."

వెల్డర్‌కి నెత్తురంతా తలకెక్కింది. మెట్లు నిటారుగా ఉన్నాయి, అన్నేమో అంచు చూసుకోకుండా కాలు వేస్తున్నాడు. ఇంకో రోజైతే ఏం చేసేవాడో.

"మెట్టు చూసుకో అన్నయ్యా," అంటూ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.