తెల్ల బకెట్ నూనె

సమాధుల మీద పూలు పెట్టే మెమోరియల్ డే రేపనగా, ఆర్డిత్ తెల్లారగానే శ్మశానం గేటు తీసింది. గుట్ట మీద సమాధుల పై వరస దాకా గడ్డి కోసెయ్యాలి. లేకపోతే పని పట్నం కంపెనీకి పోతుంది. ఒహాయోలో ఆ ఊరికున్న ఒక్క ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఆమెకు ఇది తప్ప వేరే పని లేదు.

ట్రాక్టర్ చిన్నది, పాతది, చచ్చిపోయిన మొగుడు మెర్ల్‌ది. దానికి గేర్లుండవు. పంపు నూనెని తోస్తేనే చక్రాలు తిరుగుతాయి. మెర్ల్ ట్రాక్టర్ కంపెనీ చెప్పిన నూనే పోసేవాడు. అది కొనలేక ఆర్డిత్ ఈ వసంతంలో తెల్ల బకెట్ తెచ్చింది. 'అన్ని ట్రాక్టర్లకూ సరిపోతుంది' అని దాని మీద రాసుంది. రాసినవాడు ఏ గుట్టా ఎక్కలేదు.

అప్పటినుంచీ బండి చల్లగా ఉంటే ఎక్కుతుంది, వేడెక్కితే మొరాయిస్తుంది. నూనె తగ్గిందేమోనని ఆమె అదే నూనె ఇంకాస్త పోసింది. అయినా అంతే. అందుకే ఇవాళ చల్లపూటే పై వరస పట్టాలనుకుంది. ఇంతలో టౌన్‌షిప్ పెద్ద గ్లెన్ వచ్చాడు.

"ముందు గేటు దగ్గర కొయ్, ఆర్డిత్. పూలు పెట్టడానికి జనం వస్తారు."

"బండి వేడెక్కితే పైకి పోదు, గ్లెన్."

"పోయే బండి తెచ్చుకోవాలి మరి."

గేటు దగ్గర కోసింది. ఎండెక్కింది. గుట్ట సగంలో బండి కీచుమని, నిలబడి, వెనక్కి జారింది. బ్రేకు తొక్కిపట్టి, ఫోన్ చేసి మరిది లానీని పిలిచింది. లారీలు బాగుచేసే మనిషి. రెంచితో వచ్చి, కాస్త నూనె వేలికి రాసుకుని చూశాడు. వేలి మీద ఇత్తడి పొడి తళతళలాడింది.

"వదినా, దీనికి సూప్ పోసినా ఇంతకంటే నయమే."

"వెక్కిరింపు తర్వాత. నడుస్తుందా?"

"పంపు అరిగిపోయింది. ఇప్పుడు బంగారం కరిగించి పోసినా ఎక్కదు."

పైనున్న వరసలో మెర్ల్ సమాధి గడ్డిలో సగం మునిగిపోయి ఉంది. ఆర్డిత్ అటు చూడలేదు. లానీ మీట లాగి చక్రాలు వదులు చేశాడు. ఇద్దరూ బండిని కిందికి దించేసరికి పట్నం కంపెనీ వాళ్ల కొత్త యంత్రాలు గేటు ముందుకొచ్చేశాయి. గ్లెన్ వాళ్లని ఎప్పుడు పిలిచాడో అడగడం కూడా దండగ.

"గేటు తాళంచెవి ఇచ్చెయ్," అన్నాడు గ్లెన్, బూట్ల వంక చూస్తూ.

ఇచ్చేసింది.

లానీ కారులో ఇంటికి పోతుంటే, దారిలో దుకాణం ముందు తెల్ల బకెట్లు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. చిరుగుల టోపీ ముసలాయన ఒకటి తన బండిలోకి ఎత్తుతున్నాడు. "లానీ, ఆపు!" అని ఆర్డిత్ దిగి పరిగెత్తింది.

"అది పొయ్యకండి. నా బండిని తినేసింది."

ముసలాయన బకెట్ దించలేదు.

"నా పాత బండినీ తినేసిందమ్మా."

"మరి మళ్లీ ఎందుకు కొంటున్నారు?"

"మంచిది కొనగలిగితే కొననా? ఈ వారం గడ్డి కొయ్యాలి. వచ్చే వారం సంగతి వచ్చే వారం."

మూత బిగించి ఉందో లేదో చూసుకుని ఆయన వెళ్లిపోయాడు. ఆర్డిత్ ఆ బకెట్ల ముందే నిలబడింది. దుకాణంవాడు బయటికొచ్చి, ఖాళీ అయిన చోట ఇంకో బకెట్ పెట్టాడు.

"మీకూ ఒకటి ఇమ్మంటారా, మేడమ్?"