వెలుగు లేని లేజర్

నేను ఒక లేజర్ ప్రోబ్‌ని. లావుపాటి పెన్నులా ఉంటాను. మీట నొక్కితే ఎర్రగా మెరుస్తాను, కుయ్‌మంటాను. కానీ వైద్యం చేసే అసలు కిరణం నాలో లేదు. బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో నన్ను బిగించిన యాదగిరి, "అన్నీ పెట్టి అసలుది పెట్టొద్దంటరేందన్నా!" అని నవ్వాడు. నాతోపాటే పుట్టిన నా జంటకు మాత్రం కిరణం అమర్చాడు. పైకి మా ఇద్దరికీ తేడా తెలియదు. నా మీద 'ఏ' అనీ, దాని మీద 'బి' అనీ అతికించి కాకినాడలోని ఒక ఫిజియోథెరపీ కాలేజీకి పంపారు.

అక్కడ పీజీ చదువుతున్న నస్రీన్ ఒక పరిశోధన తలపెట్టింది. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరం బిగుసుకుపోయిన క్రీడాకారులకు లేజర్ పెడితే కాలు సాగుతుందా, బలం పెరుగుతుందా, నొప్పి తగ్గుతుందా అన్నది ఆమె తేల్చాలి. మొత్తం నలభై మంది. సగం మందికి నేను, సగం మందికి నా జంట. మా ఇద్దరిలో కిరణం ఎవరిలో ఉందో నస్రీన్‌కు కూడా తెలియదు. ఆ రహస్యం సీలు వేసిన కవరులో ఉంది. "మీకు ఉత్తుత్తిది రావచ్చు. వస్తే, అంతా అయ్యాక అసలుది పెడతాం" అని ముందే చెప్పి అందరిచేతా సంతకాలు పెట్టించుకుంది.

నా వంతుకు వచ్చినవాళ్లలో దమయంతి ఒకతె. హర్డిల్స్ పరుగు ఆమెది. ఆరు నెలలుగా కుడికాలు పట్టేసి అడ్డుకర్ర దాటలేకపోతోంది.

"రెండు నెలల్లో యూనివర్సిటీ పోటీలండి. నాకిదే ఆఖరేడు" అంది మొదటి రోజే.

రెండో వారం దాటేసరికి, "నొప్పి సగం పోయిందండి!" అని సంబరపడింది. నాకు ఎక్కడ దాక్కోవాలో తోచలేదు. నేను చేసిందల్లా కుయ్‌మనడమే. మనుషులు ఎంత తేలిగ్గా నమ్ముతారో, ఎంత నిండుగా మెచ్చుకుంటారో!

మూడో వారం చివర కొలతలు తీశారు. దమయంతి వెల్లకిలా పడుకుని, తొడ నిలువుగా ఎత్తి, మోకాలు చాపింది. కాలు నిటారు కావడానికి ముప్పై నాలుగు డిగ్రీలు తక్కువైంది. మొదటి రోజు ముప్పై ఐదు.

"నొప్పి తగ్గింది కదండీ, మరి కాలెందుకు సాగట్లేదు?" అంటుంటే ఆమె కళ్లు నిండిపోయాయి. నస్రీన్ అంకె రాసుకుని, ఆమె కాలు మెల్లగా కిందికి దించింది.

అందరి కొలతలూ పూర్తయ్యాక కవరు తెరిచారు. నా జంటను పెట్టిన కాళ్లు బాగా సాగాయి. నొప్పి రెండు గుంపుల్లోనూ తగ్గింది, నా జంట గుంపుకు కాస్త ఎక్కువగా. బలం మాత్రం రెండు గుంపులకూ ఒక్కలాగే కొద్దిగా పెరిగింది.

నస్రీన్ గైడు ప్రొఫెసర్ గారు అంకెలు చూసి గడ్డం గోక్కున్నారు. "లేజర్‌తో బలం కూడా పెరిగిందని రాస్తే పేపరు బరువుగా ఉంటుంది కదమ్మా? అంకె పెరిగిన మాట నిజమేగా."

నస్రీన్ నన్ను తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "ఇందులో ఏమీ లేదు సార్. దీంతో కూడా అంతే పెరిగింది. అలాంటప్పుడు అది లేజర్ గొప్పెలా అవుతుంది?"

ఆయన నన్ను చేతిలోకి తీసుకుని మీట నొక్కారు. తర్వాత నవ్వి, "ఉన్నది ఉన్నట్టే రాయి" అని సంతకం చేశారు. ఏమీ చేయని నేను ఆ రోజు ఒక అబద్ధాన్ని ఆపాను!

మర్నాడే దమయంతిని పిలిచి నిజం చెప్పింది నస్రీన్. ఆ పిల్ల పకపకా నవ్వి, "ఆయ్, అయితే అసలుది పెట్టెయ్యండి మరి!" అని మంచం మీద బోర్లా పడుకుంది. మూడు వారాల్లో ముప్పై నాలుగు కాస్తా పద్దెనిమిదికి దిగింది.

పోటీలయ్యాక దమయంతి మెడలో బంగారు పతకంతో పరుగున వచ్చింది. నస్రీన్‌ను గట్టిగా వాటేసుకుంది. తర్వాత ట్రేలోంచి నన్ను తీసి చెంపకు ఆనించుకుంది.

"నాకు మొదట ధైర్యం వచ్చింది దీనివల్లేనండి. పెడుతుంటే ఎంత వెచ్చగా ఉండేదో!"

నాలో వెచ్చదనం ఏనాడూ లేదు. కానీ ఆ క్షణాన, ఉందేమోనని నాకే అనిపించింది.