నిలబడితే వచ్చే చప్పుడు

"అదే చెప్తాండా. నువ్వు స్టీరింగు పట్టుకోకముందు ఆ కారులో ఏ చప్పుడూ లేదు," అన్నాడు రాజశేఖర్, ఉగ్గాని ప్లేటు దగ్గరికి లాక్కుంటూ.

"పోయిన వారం నడిపింది నువ్వే గదప్పా. అప్పుడు రాలేదా?" మంజుల పొయ్యి వైపు నుంచి తిరగకుండానే అడిగింది.

"వచ్చింది. ఒకసారి చెడినాక ఎవరు నడిపినా వస్తాది."

"అంటే నడిపేది ఇద్దరం, చెడగొట్టింది మాత్రం నేను."

డిగ్రీ చదివే కూతురు శ్రీవాణి ఫక్కున నవ్వింది. తండ్రి మొహం చూసి, గబుక్కున మిరపకాయ బజ్జీ నోట్లో పెట్టుకుంది.

ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో ఈ మాటలు కొత్తవి కావు. శ్రీవాణి బడికి పోయే రోజుల్లో సెకండ్ హ్యాండుగా కొన్న తెల్ల కారు అది. ఇన్నేళ్లూ ఎవర్నీ ఏమీ అడగకుండా తిరిగింది. పోయిన దసరాకు మంజుల లైసెన్సు తెచ్చుకుని నడపడం మొదలుపెట్టింది. చలికాలం పోయేసరికి కారుకు ఈ రోగం పట్టుకుంది. ఎక్కడైనా నిలబెడితే ముందు వైపు నుంచి టకటకమని చప్పుడు. గేరు రాడ్డు వణుకుతుంది, స్టీరింగు వణుకుతుంది, అద్దంలో మనిషి మొహం కూడా వణుకుతుంది. నంద్యాల మెకానిక్ శ్యాంసుందర్ ఇంజను కింద రబ్బరు దిమ్మలు మార్చాడు. తగ్గలేదు. ఇక ఇంజను దించి చూడాల్సిందే అన్నాడు. ఆ మాటతో రాజశేఖర్ విసిగిపోయి, కారు అమ్మేస్తానని దొర్నిపాడులో తనకు తెలిసిన కొండయ్యకు కబురు పెట్టాడు. సాయంత్రం కొండయ్య వచ్చి కారు తీసుకుపోతాడు.

"కారు లేకుంటే నంద్యాలకు బస్సుల్లేవా?" అన్నాడు రాజశేఖర్.

"మగ్గం ఏ బస్సులో పెట్టుకోని పోవాల? కండక్టరు నన్నే ఎక్కించుకోడు."

మంజులకు నంద్యాలలో చిన్న అంగడి ఉంది. పెళ్లిళ్ల రవికలకు మగ్గం పని చేస్తుంది. వారంలో మూడు రోజులు అక్కడ, మిగతా రోజులు ఇంట్లో. సగం పని అయిన గుడ్డను మగ్గం మీద నుంచి విప్పితే బిగువు పోయి పూసలన్నీ వంకరపోతాయి. అందుకని మనిషంత పొడుగున్న ఆ కొయ్య చట్రం ఆమెతో పాటే అటూ ఇటూ తిరగాలి. కారు పోతే అంగడి పోయినట్టే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

"సాయంత్రం దాకా కారు మనదే గదా. శ్యామన్నకు ఇంగొక్కసారి చూపించుకోని వస్తా," అంది.

"చూపించుకో. దించుతానంటే మాత్రం తాళాలు ఈయగాకు."

"ఏందీ, దించేదా?" నడవలోంచి అత్తగారు వెంకటమ్మ గొంతు వినబడింది. "అయితే నేనూ వస్తా."

అందరూ అటు చూశారు. మంజుల నడిపే కారు వెంకటమ్మ ఇంతవరకూ ఎక్కలేదు.

"నువ్వు ఏంటికి జేజీ?" అంది శ్రీవాణి.

"ఏంటికేంది? కండ్లద్దాలు వదులైనాయి. బిగించుకుంటా," అని ఆమె అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది.

దారి పొడుగునా వెంకటమ్మ వెనక సీట్లో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. కోడలు కారు నేర్చుకుంటానన్నప్పుడూ ఆమె ఇలాగే ఉంది. వద్దనలేదు, మంచిదనీ అనలేదు. ఆ మౌనానికి అర్థం మంజుల ఎప్పుడో చెప్పుకుంది: ఇష్టం లేదు.

శిరివెళ్ల దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. కారు ఆగగానే టకటక మొదలైంది. మంజుల చెవి రిక్కించింది. నిజంగా తనే చెడగొట్టిందా? నేర్చుకునే రోజుల్లో క్లచ్చు ఎంత అరగదీసిందో ఆమెకు గుర్తే. క్లచ్చు తొక్కి చూసింది. చప్పుడు మారలేదు. వదిలి చూసింది. అదే చప్పుడు. గొర్రెలు తప్పుకున్నాక వేగం అందుకుంటే మళ్లీ సద్దుమణిగింది.

ఆమెకు తన పాత కుట్టు మిషను గుర్తొచ్చింది. ఒకసారి అది కూడా ఇలాగే కొట్టుకుంటే, మొత్తం విప్పి నూనె పోసి మళ్లీ బిగించింది. తీరా చూస్తే మిషనుకు ఏమీ లేదు. బల్ల సొరుగులో పెట్టిన కత్తెర, తొక్కినప్పుడల్లా చెక్కకు కొట్టుకుంటోంది.

షెడ్డులో శ్యాంసుందర్‌తో అదే చెప్పింది. "లోపల కాదేమో అన్నా. ఇంజనుకు బయట ఏమన్నా తగుల్తాందేమో, సుట్టూ ఒకతూరి సూడు."

అతను పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఒక్కో చోటా విన్నాడు.

"నువ్వు చెప్పిందే నిజమక్కా. లోపల బాగుంది. ఎనక్కి పోయేకొద్దీ చప్పుడు ఎక్కువైతాంది."

"మొన్న దించాలంటివే?"

"యాడిదో అంతు చిక్కక అంటి. ఉండు, ఈ సందులో చెయ్యి పెట్టి చూస్తా."

స్టూలు మీద కూర్చున్న వెంకటమ్మ లేచి నిలబడింది. "ఆడేం లేదులేప్పా."

శ్యాంసుందర్ తల తిప్పాడు. "ఆడేం లేదని నీకెట్ల తెల్సవ్వా?"

"తెల్సంటే... చీకటి సందు. నీ చెయ్యి కాల్తాదని అంటాండా."

"ఇంజను ఆపితే ఏం కాలదులే," అంటూ అతను ఆపి, కాసేపు చల్లారనిచ్చి, భుజం దాకా లోపలికి పోనిచ్చాడు. కటింగ్ ప్లేయరు అడిగాడు. తీగ తెగిన చప్పుడైంది. నల్లటి గుడ్డ మూట ఒకటి బయటికి తీశాడు. మడతల్లో ఒకచోట ఎర్ర రంగు ఇంకా మిగిలి ఉంది. ఊపితే లోపల టకటకమంది.

"టెంకాయ!" అంది మంజుల.

వెంకటమ్మ పైట చెంగు సర్దుకుంది. "అహోబిలంలో పూజ చేయించిన టెంకాయ. దసరా పూజకు ముందర కారు మూత తెరిచి పెట్టింటిరి గదా. మా రాజా అంగడికి నిమ్మకాయలు తెచ్చేకి పోయినప్పుడు కట్టినా."

"ఇంటి గుమ్మానికి కడ్తారు గానీ ఇంజనుకు కడ్తారా అవ్వా?" శ్యాంసుందర్ తల పట్టుకున్నాడు. "అదీ ఇంజనుకూ ఎనక రేకుకూ నడుమ ఇరికించి, రెండిటికీ కలిపి తీగ బిగిస్తివి. ఇంజను వణుకంతా బండికి ఎక్కింది. ఇంగ నేను కొత్త రబ్బర్లు ఏసి ఏం లాభం? లోపలి కొబ్బరి ఎండి కురిడై అదొక తాళం. నేను గొట్టానికి సుట్టిన పాత గుడ్డ అనుకుంటి."

"ఒట్టి రేకుకు కడితే ఏమొస్తాదప్పా? నడిపించేది ఇంజను గదా!"

"గుడ్డ అంటుకోలేదు, నీ అదృష్టం. నరసింహస్వామే కాపాడినాడు."

"చూస్తివా మరి! కాపాడినాడు గదా!" అంది వెంకటమ్మ గెలిచినట్టు.

మంజుల తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. చప్పుడు లేదు. గేరు రాడ్డు మీద చెయ్యి పెట్టింది. లోపల ఏదో నడుస్తోందని తెలిసేంత సన్నటి కదలిక, అంతే. అద్దంలో తన మొహం నిలకడగా కనిపించింది. తను చెడగొట్టలేదు. ఎవరూ చెడగొట్టలేదు.

వెంకటమ్మ కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నీకు నడిపేది రాదని కాదు మా. ఆ లారీలోళ్లకు కండ్లుండవు. ఒక్కదానివే పోతాంటివి. నేను పక్కన కూసోని మాత్రం ఏం చేస్తా? అందుకని..."

"చెప్పింటే అయిపోయేది గదత్తా."

"చెప్తే మీ ఆయప్ప విప్పి పారేస్తాడు. ఇంజను దించుతారంటే నాకు కాలూ చెయ్యీ ఆడలా. మూట కింద పడితే కీడు గదా. అందుకే ఎంట వస్తి."

మంజుల ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. కాస్త ఆలస్యంగా వెంకటమ్మ కూడా నవ్వింది.

కండ్లద్దాలు బిగించుకున్నాక ఇద్దరూ అంగడికి పోయారు. వెంకటమ్మ ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. గోడకు వేలాడే రవికల్ని ముట్టుకోకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని, దగ్గరగా వంగి చూసింది. "ఈ నెమలి నువ్వు కుట్టిందేనా?" అని అడిగింది. తర్వాత కొత్త ఎర్ర గుడ్డ ముక్క అడిగి, టెంకాయను మళ్లీ మూట కట్టి, కోడలితో స్టూలు వేయించి గుమ్మానికి వేలాడదీయించింది. ముడి సరిగా పడిందో లేదో కింద నుంచి లాగి చూసింది.

"ఈడ ఏదీ వణకదు గదా?"

"వణకదత్తా."

తిరుగు దారిలో ముందు సీట్లో కూర్చుంది. శిరివెళ్ల దాటగానే నిద్రపోయింది.

ఆ రాత్రి అందరూ అన్నాలకు కూర్చున్నారు. రాజశేఖర్ వాకిలి వైపు చూస్తూ, "కొండయ్య ఇంగా రాలేదే. కారుకు ఏమన్నాడు మీ శ్యాంసుందర్?" అన్నాడు.

మంజుల అత్త వైపు చూసింది.

"టెంకాయ అడ్డం పడింది రా. కట్టింది నేనే," అంది వెంకటమ్మ పప్పు కలుపుకుంటూ. "ఇంగ ఆయమ్మ నడపబట్టే చెడిందని అనగాకు."

శ్రీవాణి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రాజశేఖర్ తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

మంజుల అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. మామూలుగా, గొంతు పెంచకుండా చెప్పింది.

"కొండయ్యన్నను రావద్దని ఫోన్లో నేనే చెప్పినా. కారు అమ్మేది లేదు. వచ్చే సోమవారం నుంచి దినామూ అంగడి తెరుస్తా."