కుషన్ బ్రదర్ భోజన ప్రార్థన

సోఫాలు బాగుచేసే ఆయనకి చర్చి సంఘంలో 'కుషన్ బ్రదర్' అని పేరు. చెక్క బల్లల మీద నడుములు పట్టేస్తున్నాయని సంఘమంతా మూలుగుతుంటే, జాలిపడి ప్రతి బల్లకీ మందపాటి ఫోమ్ వేసి, పైన మెరూన్ రంగు రెక్సిన్ బిగించి పెట్టాడు. అప్పట్నుంచీ నడుములు కుదుటపడ్డాయిగాని మోకాళ్ళు వంగడం మానేశాయి. అంత మెత్తటి సీటు వదిలి గచ్చుమీదికి దిగాలంటే ఎవరికి మనసొప్పుతుంది? ప్రసంగం మొదలైన కాసేపటికి సగం సంఘం ధ్యానంలోకి, మిగతా సగం నిద్రలోకి జారుకునేది. ఎవరిది ఏ సగమో గురక వినబడేదాకా తేలేది కాదు.

భక్తికి ఒక్క కొమ్ము తగిలిస్తే భుక్తి అవుతుంది. మన బ్రదర్ భక్తికి ఆ కొమ్ము ఎప్పుడు మొలిచిందో ఆయనకే తెలీదు. ఆయన ప్రార్థనలన్నీ ఒక్కొక్కటే రాలిపోయి, భోజనం ముందు చేసేది ఒక్కటే మిగిలింది. దానికి మాత్రం మంచి గిరాకీ. పెళ్ళిళ్ళలోగాని, సంఘం విందుల్లోగాని, "బ్రదర్ని పిలవండి, కూర చల్లారకుండా ముగిస్తాడు" అనేవారు.

అలాంటివాడికి అక్క ఆపరేషన్ వచ్చిపడింది.

అక్క బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కిక్కిరిసిన బస్సులో చివరి సీటుదాకా వినబడే గొంతు. కడుపులో గడ్డ ఉందనీ, తీస్తేగాని ఎలాంటిదో చెప్పలేమనీ డాక్టర్లు అన్నారు. ఆ ఉదయం వార్డులో ఆకుపచ్చ గౌను వేసుకుని, మంచం మీంచి తమ్ముణ్ణి దగ్గరికి పిలిచింది.

"ఒరేయ్, పైకి నవ్వుతున్నానేగాని లోపల వణికిపోతున్నాన్రా. బతుకంతా జనానికి టికెట్లు చింపాను. ఇవాళ నా టికెట్ చింపొద్దని ఆయనకి చెప్పు. నాకు నోరు రావట్లేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మంచంకోడు పట్టుకుని దేవుడితో పోట్లాడేవాడివి చూడు, అలా అడుగు."

బ్రదర్ ఆమె చేయి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాలుక తనకు తెలిసిన ఒకే ఒక్క రూట్లో బయల్దేరింది.

"పరలోకమందున్న తండ్రీ, మా ముందుంచిన దీనికై వందనములు. దీనిని సిద్ధపరచిన చేతులను దీవించుము. దీనివలన మాకు తృప్తి కలుగజేయుము. లేనివారికిని దయచేయుము..."

అక్కడ బ్రేకు పడింది. కళ్ళు తెరిచి చూస్తే నర్సు నోటికి చేయి అడ్డం పెట్టుకుని కిటికీవైపు తిరిగి ఉంది.

"ఏరా, నన్ను వడ్డించేశావేంట్రా?" అంది అక్క.

"అక్కా, అది... అలవాటులో..."

"లేనివాళ్ళకి కూడా దయచేయమన్నావు. ఏం దయచేయాలిరా, నా గడ్డా?"

మంచం ఊగేలా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక ఇంక నవ్వలేదు. "పోన్లే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆవిడ నవ్వుతుంటే తట్టుకున్నాడుగాని, ఆ 'పోన్లే'కి తట్టుకోలేకపోయాడు. థియేటర్లోంచి ముందు పేషెంటు బయటికి రావాలి, ఇంకాస్త టైముందంది నర్సు. ఆ టైములో ఇంకోసారి ప్రయత్నించాడు. "ప్రభువా" అనగానే "మా ముందుంచిన" అని తోసుకొచ్చింది. నోరు గట్టిగా మూసుకుని, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

కూలబడ్డవాడు కెవ్వుమని లేచాడు. సీటులోంచి స్ప్రింగు పొడిచింది.

బ్రదర్ జేబులో పెన్ను లేకపోయినా కటింగ్ ప్లేయర్ ఉంటుంది. కుర్చీని బోర్లా తిప్పి, గచ్చుమీద మోకాళ్ళూని, అడుగుగుడ్డ విప్పి చూశాడు. పని చేసేటప్పుడు సామానుతో మాట్లాడటం ఆయనకు మామూలే.

"ఏమ్మా, పైకి నిగనిగలాడుతున్నావు. లోపల పట్టీ తెగిపోయి ఎన్నాళ్ళైంది? ఎవరికీ చెప్పలేదా? కూర్చునేవాడికి గుచ్చుకుంటేగాని తెలీదా?" వంగిన స్ప్రింగు సరిచేస్తున్న చేయి ఆగింది. "నిన్నని ఏం లాభంలే, నా సంగతీ అంతే. తండ్రీ, నేనే. గుర్తుపట్టావా? కంచం ముందు తప్ప కనబడనివాణ్ణి. ఇన్నాళ్ళూ వంటలకి వందనాలు అప్పజెప్పానేగాని నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు భయంగా ఉంది. అమ్మ పోయాక నా తల దువ్వి బడికి పంపింది ఈవిడే. ఆ కత్తి పట్టుకునే చేతిని నువ్వు పట్టుకో. మా అక్కని నాకివ్వు. మర్యాదగా అడగడం మర్చిపోయాను, ఇలాగే అడుగుతున్నాను. నువ్వు ఏం చేసినా సరే, రేపు మళ్ళీ వస్తాను. కంచం లేకుండా వస్తాను."

మంచం మీద కదలిక. అక్క ఎప్పుడు ఇటు తిరిగిందో!

"ఒరేయ్, నువ్వు మాట్లాడేది కుర్చీతోనా, దేవుడితోనా?"

"మొదలెట్టింది కుర్చీతోనే అక్కా. మధ్యలో ఆయనెక్కాడు."

"ఆమెన్" అంది అక్క. ఈసారి పాత బస్సుగొంతుతోనే అంది. స్ట్రెచర్ వచ్చింది. చక్రాలు కదలగానే కప్పుకేసి చూస్తూ, "రైట్, రైట్!" అని అరిచింది.

సాయంత్రానికి గడ్డ బయటికొచ్చింది. నాలుగు రోజులకి రిపోర్టొచ్చింది, భయపడాల్సింది కాదని. ఆ నాలుగు రోజులూ బ్రదర్ షాపులో కొత్త సోఫాల మధ్య గచ్చుమీదే మోకరించాడు. బేరానికొచ్చినవాళ్ళు ఏదో మేకు పడిపోయి వెతుక్కుంటున్నాడనుకున్నారు.

ఆదివారం ప్రార్థనవేళ కుషన్ మీంచి కిందికి దిగాడు. వెనక బల్లలో ముసలమ్మకి ముందు సీటు హఠాత్తుగా ఖాళీగా కనబడింది.

"అయ్యో, బ్రదర్ పడిపోయాడు! నీళ్ళు తెండి!"

"పడిపోలేదమ్మా, మోకరించాను" అని కిందనుంచి జవాబొచ్చింది.

నిద్రపోతున్న సగం లేచింది. ఒకాయన, తర్వాత వాళ్ళావిడ, తర్వాత మూలుగుతూ మూలుగుతూ ముసలమ్మ, గచ్చుమీదికి దిగారు. ఆ చప్పుడుకి పాస్టరుగారే ఒకసారి కళ్ళు తెరిచి చూసి, పులకించి మళ్ళీ మూసుకున్నారు.

అక్క ఇంటికొచ్చాక మొదటిసారి కలిసి భోజనానికి కూర్చున్నారు. "కానీరా, నీ స్పెషల్" అంది. బ్రదర్ మొదలుపెట్టాడు. డాక్టరుకి, నర్సుకి, కత్తికి, కుట్టిన దారానికి, ఆ కుర్చీకి, దాన్లో స్ప్రింగుకి పేరుపేరునా వందనాలు చెప్పుకుంటూ పోతున్నాడు. గిన్నెలోంచి ఆవిరి సన్నగిల్లి, ఆగిపోయింది. అక్క ఒక కన్ను తెరిచింది.

"ఒరేయ్, ఆపరేషనే తొందరగా అయిందిరా. కూర చల్లారిపోయింది."

"మళ్ళీ వేడి చేద్దాంలే అక్కా" అని కళ్ళు తెరవకుండానే, ఆపినచోటి నుంచి అందుకున్నాడు.

అక్క గిన్నె పట్టుకుని మెల్లగా వంటింట్లోకి నడిచింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది, దాంతోపాటే ఒక 'ఆమెన్' కూడా.